బడిపిల్లల నడుము కొలత

మొన్నమొన్నటిదాకా మెడలో టేపు లేకుండా టేపక్కను మా వీధి రెండుసార్లే చూసింది. పెళ్ళినాడు ఒకసారి, కూతురు పుట్టిననాడు ఒకసారి. రెండోసారి కూడా ఆసుపత్రికి బయలుదేరేదాకా అది మెడలోనే ఉంది. గుమ్మం దాటుతుండగా భర్త తీసి తన జేబులో పెట్టుకున్నాడు.

అసలు పేరు కాగితాల్లో ఉంది. ఎవరూ వాడరు. పిల్లలు టేపక్క అన్నారు, వాళ్ళ తల్లులూ టేపక్క అన్నారు. కోపం వచ్చినప్పుడు కన్నకూతురు కూడా అదే అంటుంది.

బడి గేటుకు ఎదురుగా ఒక సందు. సందులో మూడో తలుపు ఆమె కొట్టు. పొడవు పదడుగులు, వెడల్పు ఏడు. రెండు కుట్టు మిషన్లు, ఒక కత్తిరింపు బల్ల, ఒక ఇస్త్రీ బల్ల. గోడ వారగా యూనిఫారం గుడ్డ తానులు, నీలం ఒక వరస, తెలుపు ఒక వరస. గదిలో ఎప్పుడూ వేడి గుడ్డ వాసన. కూర్చోవడానికి ఒక స్టూలు ఉంది గానీ దాని మీద ఎవరూ కూర్చోగా చూడలేదు. దాని మీద ఎప్పుడూ ఎవరివో ప్యాంట్లు ఉంటాయి.

పదహారో ఏట ఒక ముసలి దర్జీ దగ్గర కాజాలు తీయడానికి చేరింది. ఏడాదిన్నర కాజాలు తప్ప ఇంకేమీ ముట్టుకోనివ్వలేదాయన. తర్వాత గుండీలు. తర్వాత అంచులు మడవడం. నాలుగో ఏట టేపు చేతికిచ్చి ఒక్క మాట చెప్పాడు.

"గుడ్డ పాడైతే ఇంకో గుడ్డ తెచ్చుకోవచ్చమ్మాయ్. కొలత తప్పితే మనిషి మళ్ళీ గడప తొక్కడు."

ఆ కొట్లోనే ఇస్త్రీ చేసే మనిషి ఆమె చెప్పిన కొలతలు పుస్తకంలో రాసేవాడు. అతన్నే పెళ్ళి చేసుకుంది. వీధికి అతను ఇస్త్రీ బాబాయి.

"పెళ్ళికి ముందు మేం మాట్లాడుకున్నవన్నీ అంకెలే," అంటాడు అతను ఇప్పటికీ. "ప్రేమలేఖ రాయమంటే ఛాతీ ముప్పై ఆరు, నడుము ముప్పై అనే రాసేవాణ్ణి."

"రాసినా అందులో ఓ అంగుళం తప్పు ఉండేది," అంటుంది ఆమె.

బడి తెరవడానికి నెల ముందు కొలతల రోజులు. పిల్లలు సందు పొడుగునా వరసలో నిలబడతారు. దర్జీకి రెండు చేతులూ టేపుకే సరిపోతాయి. అందుకని అంకెను నోటితో పిలుస్తారు, పక్కవాళ్ళు రాస్తారు. టేపక్కది పెద్ద గొంతు. "ఛాతీ ఇరవై ఆరు! నడుము ఇరవై మూడున్నర! పొడవు ముప్పై!" అని పిలిస్తే సందు చివర సైకిలు బాగుచేసేవాడికి కూడా వినబడేది. ఎవరి నడుము ఎంతో ముందు వీధికి తెలిసేది, తర్వాత తల్లికి తెలిసేది.

ఏడాదికో పుస్తకం. పాతవి పారేయలేదు. ముప్పై ఒక్క పుస్తకాలు, ముప్పై ఒక్క ఏళ్ళ పిల్లలు, కత్తిరింపు బల్ల కింద రేకు పెట్టెలో ఉన్నారు.

ఆమె కొలతంటే వీధికి గురి. గుమ్మంలోంచి ఫ్రిజ్ పడుతుందా లేదా అంటే ఆమెనే పిలిచేవారు. రెండిళ్ళ మధ్య గోడ ఎవరి వైపు జరిగిందన్న తగాదాలో కూడా ఆమె టేపే తీర్పు చెప్పింది. ఓడిపోయినవాడు సైతం కిక్కురుమనలేదు. "టేపక్క టేపు అబద్ధం చెప్పదు" అనడం మా వీధిలో మాటకారులకు ఊతపదం అయింది. ఆమె వినీ విననట్టు ఉండేది. కానీ ఆ మాట వినబడిన రోజు మిషను కాస్త వేగంగా నడిచేది.

పద్నాలుగేళ్ళ కిందట, వీధి చివర పెద్దరోడ్డుకు అవతల, ఎర్ర బోర్డుతో ఒక ఫాస్ట్‌ఫుడ్ కొట్టు వెలిసింది. బర్గర్లు, వేయించిన చికెను, ఉప్పు చల్లిన బంగాళాదుంప చీలికలు, గొట్టంతో తాగే చల్లటి తీపి డ్రింకులు. బోర్డు మీద ఏదో ఇంగ్లీషు పేరు. పిల్లలు దాన్ని కరకర అన్నారు. యజమాని కరకర బాబాయి అయ్యాడు. మంచి మాటకారి. బడిలో ప్రతి పిల్ల పుట్టినరోజూ అతనికి నోటికొచ్చు. ఆ రోజు డ్రింకు ఊరికే ఇచ్చేవాడు. అతన్ని తిట్టాలన్నా ఎవరికీ నోరు రాదు.

టేపక్కకూ ఆ తిండి ఇష్టమే. ఊపిరాడని రోజుల్లో భర్తను పంపి ఒక పొట్లం దుంపలు తెప్పించుకునేది. వేళ్ళకు నూనె అంటితే తెల్లగుడ్డ పాడవుతుందని అతను ఒక్కొక్కటే ఆమె నోట్లో పెట్టేవాడు. ఆమె మిషను ఆపకుండా నమిలేది.

మార్పు ముందు కత్తెరకు తెలిసింది. ఆరో తరగతి ప్యాంట్లు ఒక తానుకు ముప్పై ఆరు తెగేవి. కరకర వచ్చిన రెండో ఏడు ముప్పై నాలుగే తెగాయి. గుడ్డ కొట్టువాడు తక్కువ ఇచ్చాడని వెళ్ళి పోట్లాడింది. అతను ఆమె టేపే తీసుకుని ఆమె ముందే కొలిచాడు. తాను సరిగ్గానే ఉంది.

"మరి గుడ్డ ఎటు పోయిందయ్యా?" అంది ఇంటికొచ్చి.

"పిల్లలు తిన్నారేమో," అన్నాడు భర్త.

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ మాటలో నిజం ఎంతో అప్పుడు తెలియదు.

ఆ మరుసటి ఏడు కొలతల రోజున ఏడో తరగతి పిల్ల ఒకతె వచ్చి నిలబడింది. టేపక్క ఎప్పటిలాగే పిలిచింది. "నడుము ముప్పై నాలుగు!" వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో "ముప్పై నాలుగు" అని గొంతు మార్చి అన్నారు. వరసంతా నవ్వింది. ఆ ఏడంతా బడిలో ఆ పిల్లను పేరుతో పిలవలేదు. ముప్పై నాలుగు అనే పిలిచారు. మరుసటి ఏడు కొలతలకు పిల్ల రాలేదు. తల్లి ఒక పాత స్కర్టు ఆదికి తెచ్చింది. "దీని ప్రకారం కుట్టేయ్ టేపక్కా, కాస్త వదులుగా," అంది. పిల్ల ఏదని అడిగితే తల్లి తల తిప్పుకుంది.

టేపక్క ఆ పూట అన్నం సరిగా తినలేదు. ముప్పై నాలుగు అన్నది తన గొంతు.

ఆ సాయంత్రమే భార్యాభర్తలు ఒక పద్ధతి పెట్టుకున్నారు. నడుము ఎక్కువగా ఉన్న పిల్లకు ఆమె తక్కువ అంకె పిలుస్తుంది. పిలిచి, తగ్గించిన ప్రతి అంగుళానికీ కత్తెర పిడితో బల్ల మీద ఒకసారి కొడుతుంది. పిల్లలు పుస్తకంలోకి తొంగిచూసి ఎవరిది ఎంతో వెతుక్కుంటారు కనుక, భర్త ఆమె పిలిచిన అంకెనే రాసి, ఒక్కో దెబ్బకు పక్కన ఒక్కో చుక్క పెడతాడు. కత్తిరించేటప్పుడు చుక్కలు కలుపుకుంటారు. ఇరవై ఆరు, పక్కన మూడు చుక్కలు. ప్యాంటు ఇరవై తొమ్మిదికి తెగుతుంది.

తొమ్మిదేళ్ళు అలా జరిగింది. ఎవరికీ తెలియలేదు. వరసలో నవ్వు ఆగిపోయింది. పిల్లలందరూ మళ్ళీ కొలతలకు వచ్చారు. కత్తెర టకటకలు ఆమె అలవాటనుకున్నారు.

కూతురు నర్సు అయింది. కూతురి ముందు టేపక్క మురిసిపోలేదు గానీ, ఆ ఏడు గుమ్మంలోకి వచ్చిన ప్రతివాళ్ళకూ ఏదో వంకతో ఆ సంగతి చెప్పింది. "నేను మనిషిని బయట కొలుస్తా, అది లోపల కొలుస్తుంది, అంతే తేడా," అనేది. రెండేళ్ళ కిందట నర్సమ్మ మా పక్కవీధి ఆరోగ్య కేంద్రానికే బదిలీ అయి వచ్చింది. వచ్చిన నెలలోనే ఒక మధ్యాహ్నం కొట్లోకి వచ్చి స్టూలు మీది ప్యాంట్లను ఒళ్ళో పెట్టుకుని కూలబడింది.

"అమ్మా, ఇవాళ పదమూడేళ్ళ పిల్ల వచ్చింది. బీపీ చూస్తే నా మిషనే పాడైందనుకున్నా. మూడుసార్లు చూశా."

"ఎవరి పిల్ల?"

"చెప్పకూడదు."

"నాక్కూడానా?"

"ముందు నీకే చెప్పకూడదు. నీకు చెబితే మైకులో చెప్పినట్టే."

ఇస్త్రీ బాబాయి నవ్వాపుకోలేక ఇస్త్రీ పెట్టె పక్కకు పెట్టాడు.

"నవ్వకు నాన్నా. మెట్లెక్కితే ఆయాసపడే పిల్లలు, చక్కెర హద్దు దగ్గర ఉన్న పిల్లలు. వారానికి ఇద్దరు ముగ్గురు. పొద్దున ఏమీ తినరు, మధ్యాహ్నం కరకర, సాయంత్రం కరకర. తల్లులకు చెబితే నన్ను ఎగాదిగా చూస్తారు. ఎదిగే పిల్ల, బొద్దుగా ఉంటే నీకేంటమ్మా అంటారు."

టేపక్క దారం కొరికింది.

ఆ ఏడాది చివర కరకర బాబాయి బడికి ఒక మాట పంపాడు. బడి ఆవరణలోనే సొంత ఖర్చుతో గది కట్టి క్యాంటీను నడుపుతానన్నాడు. పిల్లలు పెద్దరోడ్డు దాటే పని ఉండదు. అంతకు నెల ముందే ఒక పిల్లవాడికి రోడ్డు దాటుతూ మోటారుసైకిలు తగిలి మోచెయ్యి విరిగింది. పెద్ద టీచరు భయపడి ఉంది. ఆవిడకు ఆ మాట దేవుడు పంపినట్టే తోచింది.

నర్సమ్మ బడికి వెళ్ళి వద్దంది. పెద్ద టీచరు మనసున్న మనిషి, కానీ లెక్కల టీచరు.

"పూర్వం పిల్లలు ఇలా లేరు అంటున్నావు. నీ కేంద్రంలో రెండేళ్ళ వివరాలే ఉన్నాయి. పూర్వం ఎలా ఉండేవారో నాకు అంకెల్లో చూపించు. చూపిస్తే నేనే వద్దంటా. శనివారం తల్లిదండ్రుల సమావేశం. ఆలోపు తీసుకురా."

పూర్వపు అంకెలు ఈ లోకంలో ఒక్కచోటే ఉన్నాయి. నర్సమ్మ పరుగున వచ్చి బల్ల కింది రేకు పెట్టె లాగింది. తల్లి ఏదో అనబోయి ఆగింది. నాలుగు రోజులు డ్యూటీ అయ్యాక పుస్తకాలు ముందేసుకుని, ఆరో తరగతి పిల్లల నడుములన్నీ ఏడాదివారీగా కాగితం మీదికి ఎక్కించింది. గురువారం సాయంత్రం పెన్సిలు కింద పెట్టేసింది.

"ఏం లేదమ్మా ఇందులో."

"ఏం లేకపోవడం ఏంటే?"

"మొదట పంతొమ్మిదేళ్ళు సగటు ఇరవై మూడున్నర. కరకర వచ్చాక మూడేళ్ళు కొంచెం లేచింది. ఆ తర్వాత తొమ్మిదేళ్ళూ బల్లపరుపు. పైగా ఓ అర తగ్గింది. నా కళ్ళు చూసేది ఒకటి, ఇది చెప్పేది ఒకటి." పుస్తకం కళ్ళ దగ్గర పెట్టుకుని చూసింది. "ఈ చుక్కలేంటి నాన్నా?"

"పెన్సిలు మొండిది," అన్నాడు తండ్రి, ఇస్త్రీ పెట్టె మీద నుంచి చూపు తిప్పకుండా.

భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. చుక్కల సంగతి చెబితే, ఆ పుస్తకాల్లో పేరున్న పిల్లలందరూ రేపు బడిలో మళ్ళీ అంకెలు అవుతారు. అదొకటి. రెండోది ఆమెదే. ముప్పై ఏళ్ళుగా వీధి నమ్మిన టేపు తొమ్మిదేళ్ళుగా వీధికి అబద్ధం చెప్పిందని ఆమే తన నోటితో ఒప్పుకోవాలి.

నర్సమ్మ నిజాయితీపరురాలు. శుక్రవారం పొద్దున్నే పెద్ద టీచరు దగ్గరికి వెళ్ళి, పుస్తకాల్లో ఆధారం దొరకలేదని చెప్పేసింది.

శనివారం మధ్యాహ్నం బడి హాల్లో నలభై మంది పైనే కూర్చున్నారు. పిల్లల బెంచీలు, పెద్దవాళ్ళ మోకాళ్ళు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. గోడలకు పిల్లలు గీసిన పండ్ల బొమ్మలు. టేపక్క దంపతులు వెనక బెంచీలో కూర్చున్నారు. ఆమె ఒళ్ళో గుడ్డసంచీ, అందులో చివరి తొమ్మిది పుస్తకాలు. ఎందుకు తెచ్చిందో భర్త అడగలేదు.

పెద్ద టీచరు క్యాంటీను సంగతి చెప్పింది. నర్సమ్మ అభ్యంతరం చెప్పింది. తర్వాత పెద్ద టీచరే అంది, "నర్సమ్మే చెప్పింది, టేపక్కగారి పుస్తకాలు చూస్తే తొమ్మిదేళ్ళుగా పిల్లల నడుములు పెరిగినట్టు లేదట."

కరకర బాబాయి నవ్వుతూ లేచాడు.

"నేను చదువుకున్నవాణ్ణి కాదండీ. కానీ ఒకటి అడుగుతా. మన వీధిలో గోడ తగాదా వస్తే ఎవర్ని పిలుస్తాం?"

"టేపక్కని," అన్నారు ఇద్దరు ముగ్గురు.

"ఆవిడ టేపు ఎప్పుడైనా అబద్ధం చెప్పిందా?"

"లేదు, లేదు."

"మరింకేంటండీ! తొమ్మిదేళ్ళుగా నా కొట్టు నిండుగా నడుస్తోంది. తొమ్మిదేళ్ళుగా అక్క పుస్తకంలో నడుములు అక్కడే ఉన్నాయి. ఆ మాటకొస్తే నా కొట్లో తిని సన్నబడ్డారు!"

హాలు గొల్లుమంది. అతను వెనక్కి తిరిగి చేతులు జోడించాడు. "అక్కా, నాకు నీ టేపే సాక్షి."

టేపక్క లేచి నిలబడింది. భర్త ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. ఆమె విడిపించుకోలేదు. అతనే వదిలేశాడు.

"తమ్ముడూ, ఆ సాక్ష్యం తప్పు," అంది.

గొంతు ఎప్పటిలా లేదు. ముందు వరసవాళ్ళు వెనక్కి తిరగాల్సి వచ్చింది.

"తొమ్మిదేళ్ళుగా నేను పిలిచిన అంకెలు అబద్ధం."

ఆమె చుక్కల సంగతి చెప్పింది. ఒక పిల్లను చూసి వరసంతా నవ్వడం, మరుసటి ఏడు ఆ పిల్ల రాకపోవడం, కత్తెర దెబ్బలు, పక్కన చుక్కలు. ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు.

ముందు లేచింది ఒక తల్లి. మందుల కొట్లో పనిచేస్తుంది. ముఖం ఎర్రబడింది.

"అంటే మా అమ్మాయికి ఇరవై ఎనిమిది అని చెప్పి ముప్పయ్యో, ముప్పై రెండో కుట్టావా? మూడేళ్ళుగా?"

"మీ అమ్మాయి సంగతి నేను ఇక్కడ చెప్పను తల్లీ."

"చెప్పకు! నాకు తెలిసిపోయింది. నర్సమ్మ నాతో పిల్ల బరువు చూసుకోమంది. నేనేమన్నానో తెలుసా? టేపక్క కొలత ఏటా అదే ఉంది, నీకేం తెలుసు పోవే అన్నా. నీ నోటి మాట పట్టుకుని నీ కూతుర్నే తిట్టి వచ్చా!"

నర్సమ్మ తల వంచుకుంది. ఆ మాట నిజమే.

టేపక్క ఆ తల్లినే చూస్తూ చెప్పింది. "తప్పు నాదే. పిల్లల నవ్వు ఆపుదామనుకున్నా, ఆగింది. కానీ మీ చెవిలోనన్నా నిజం వేయాల్సింది. వేయలేదు. పిల్ల ఏడవకపోతే చాలనుకున్నా. కుట్టేదాన్ని, అంతదాకానే ఆలోచించా."

కరకర బాబాయి నవ్వు తగ్గించాడు గానీ కూర్చోలేదు.

"అక్కా, నీ మీద గౌరవంతోనే అంటున్నా. చుక్కలు ఎప్పుడైనా పెట్టొచ్చు. నిన్న పెట్టినవి కావని ఏంటి నమ్మకం?"

అప్పుడు ఆమె పాత గొంతు తిరిగొచ్చింది.

"నేను పిలిచిన అంకెకే కుట్టి ఉంటే, మీ పిల్లలు ప్రార్థనకు నిలబడి గాలి పీల్చేసరికి గుండీలన్నీ పెద్ద టీచరు మీద పడేవి. ప్యాంట్లు నా దగ్గర లేవు తమ్ముడూ, మీ ఇళ్ళల్లో ఉన్నాయి. టేపు పెట్టి చూసుకోండి. పుస్తకంలో అంకె చూడండి. తేడా ఎన్ని అంగుళాలో అన్ని చుక్కలు ఉంటాయి."

"పిల్లలు పొడుగెదిగారు కదండీ," అన్నాడు ఒక తండ్రి. "మా రోజుల్లోలా లేరు. నడుమూ పెరుగుతుంది."

"పొడుగు అరంగుళం పెరిగింది. నడుము ఒకటిన్నర పెరిగింది. పొడుగెదిగిన పిల్లకు గుడ్డ కింద కావాలి. నాకు చుట్టూ కావాల్సి వస్తోంది. తానుకు ముప్పై ఆరు ప్యాంట్లు తెగేవి. ఈ ఏడు ముప్పై రెండే తెగాయి."

సంచీలోంచి పుస్తకాలు తీసి పెద్ద టీచరు బల్ల మీద పెట్టింది. మెడలోంచి టేపు తీసింది. టేపు లేని మెడతో ఆమె ఎవరో కొత్త మనిషిలా ఉంది. సంచీని నాలుగు మడతలు వేసి పేర్ల వరస మీద పరిచి, దాని అంచు జరగకుండా టేపు పెట్టి నొక్కింది. పేర్లు కనబడవు. అంకెలూ చుక్కలూ కనబడతాయి.

"లెక్కపెట్టండి టీచరుగారూ. సంచీ మాత్రం ఎత్తొద్దు."

పెద్ద టీచరు కళ్ళజోడు సరిచేసుకుని ఒక్కో పేజీ తిప్పింది. నర్సమ్మ కాగితం మీద రాసింది. మొదటి ఏడు చుక్కలున్నవాళ్ళు తొమ్మిది మంది. ఐదో ఏడు ముప్పై ఒకరు. ఆఖరి పుస్తకంలో, రెండు వందల పదహారు మందిలో అరవై నలుగురు. నర్సమ్మ ఆరో తరగతివి చుక్కలతో కలిపి మళ్ళీ సగటు చూసింది. ఇరవై ఐదు.

కరకర బాబాయి బల్ల దగ్గరికి వచ్చాడు. అతని కొడుకూ ఆ బడిలోనే చదువుతున్నాడు. ఎనిమిదో తరగతి. గొంతు తగ్గించాడు గానీ హాలు నిశ్శబ్దంగా ఉంది, అందరికీ వినబడింది.

"మావాడి పక్కన ఉన్నాయా అక్కా?"

"చెప్పను."

"నేను తండ్రిని."

"తండ్రివి కాబట్టి ఇంటికెళ్ళి నువ్వే కొలువు. టేపు కావాలంటే ఇస్తా. ఇక్కడ మాత్రం చెప్పను. ఇంతమందిలో ఒక్క పిల్ల పేరూ నా నోట రాదు."

అతను సంచీ వైపు చూశాడు. చెయ్యి చాపితే అందేంత దూరం. చాపలేదు. వెళ్ళి తన బెంచీలో కూర్చున్నాడు.

తర్వాత ఇక ఎవరూ చుక్కలను అనుమానించలేదు. పెద్ద టీచరు చేతులెత్తమంది. క్యాంటీను వద్దన్నవి ముప్పై మూడు. కావాలన్నవి ఆరు. కరకర బాబాయి ఎటూ ఎత్తలేదు. మధ్యాహ్నం గేటు మూసి ఉంచాలని, పిల్లలు డబ్బా తెచ్చుకోవాలని అనుకున్నారు. "పొద్దున్నే ఆరింటికి షిఫ్టుకు పోయేదాన్ని, డబ్బా ఎవరు కడతారు, గోడలు కడతాయా?" అని ఒకామె గట్టిగానే అడిగింది. అలాంటి తల్లులు పదకొండు మంది అని లెక్క తేలాక, వాళ్ళ పిల్లలకు బడిలోనే వండించే ఏర్పాటు చేయడానికి పెద్ద టీచరుకు ఇంకో రెండు నెలలు పట్టింది.

ఇంటికి నడుస్తుంటే నర్సమ్మ అమ్మానాన్నల మధ్య నడిచింది.

"మొండి పెన్సిలా నాన్నా?" అంది.

"మీ అమ్మ కొట్టినన్ని చుక్కలు పెట్టా. నాదేముందే," అన్నాడతను.

"నాతో చెప్పాల్సిందమ్మా."

"నువ్వు నాతో చెప్పావా, ఆ పదమూడేళ్ళ పిల్ల ఎవరో?"

కూతురు నడక ఆపి తల్లిని చూసింది. తర్వాత ఆమె చెయ్యి పట్టుకుని నడిచింది. అలా మధ్యలో నడిచే వయసు నర్సమ్మకు దాటి ఇరవై ఏళ్ళయింది. అయినా వీధిలో అలాగే నడిచారు. మేం చూశాం.

తర్వాతి నెలలు కొట్టు పలచబడింది. పండ్లబండి ఆమె "ఎంతైనా అబద్ధం అబద్ధమే కదా" అందని తెలిసింది. పెద్దరోడ్డు మీద రెడీమేడ్ యూనిఫారాల కొట్టు ఒకటి వచ్చింది. నడుముకు ఎలాస్టిక్ ఉంటుంది, కొలతలతో పనే లేదు. సాగినంత సాగుతుంది.

"ఈసారి మనం ఈగలు తోలుకోవాల్సిందే," అన్నాడు ఇస్త్రీ బాబాయి.

"తోలుకుందాం. ఈగల నడుము నువ్వు రాద్దువుగాని," అంది ఆమె.

కానీ ఆమె నిద్రపోలేదని అతను తర్వాత చెప్పాడు. ముసలి దర్జీ మాట ఆమెకు గుర్తొచ్చి ఉండాలి.

కొలతల రోజులు వచ్చాయి. గదికి అడ్డంగా నీలం గుడ్డతో ఒక తెర కట్టింది. తెర వెనక ఒక్కొక్క పిల్ల, పిల్లతో తల్లో తండ్రో. అంకె పిలవడం మానేసింది. తనే కొలిచి, తనే రాసి, పిల్లకూ పెద్దకూ మాత్రం వినబడేలా చెబుతుంది. నిజం అంకె. రాసే పని పోయిన భర్త తెర బయట వరసను అదుపు చేస్తూ, "ముప్పై ఏళ్ళ ఉద్యోగం ఊడింది నాది," అని కనబడినవాళ్ళకల్లా చెప్పాడు.

మొదటి రోజు పొద్దున తలుపు తీసేసరికి మందుల కొట్టు తల్లి కూతురితో నిలబడి ఉంది. పలకరించలేదు. పిల్లను తెర వెనక్కి తోసి తనూ వచ్చింది. టేపక్క నడుము చుట్టూ టేపు తిప్పింది. రెండువేళ్ళ సందు ఉంచింది. చూసింది.

"ఎంత?" అంది పిల్ల.

"ముప్పై ఒకటిన్నర."

పిల్ల వంగి టేపు మీది అంకె చూసింది.

"అంతేనా? అంకె ఎవరూ చెప్పకపోతే నేనింకా నలభై అనుకున్నా."

తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెర బయటికి తెలియలేదు. టేపక్క అంకె రాసి, పొడవు కొలవడానికి కింద కూర్చుంది.

ఆ ఏడు కొలతలకు వచ్చినవాళ్ళు రెండు వందల పద్నాలుగు మంది. అంతకు ముందు ఏడు కంటే ఇద్దరు తక్కువ. ఆ ఇద్దరూ ఇల్లు మారి వేరే ఊరు వెళ్ళారు.